మా అసెంబ్లీ మీరే: తెలుగు ఎంపీలకు పోర్ట్ బ్లెయిర్ నుంచి ఒక ఉత్తరం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నుంచి పార్లమెంటులో ఉన్న అరవై మంది సభ్యులకు,

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

నేను పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ దగ్గర చిన్న కిరాణా కొట్టు నడుపుకుంటున్నాను. పుట్టింది, పెరిగింది, పెళ్ళయింది అన్నీ ఇక్కడే. మా నాన్న సోంపేట వైపు పల్లె నుంచి చేపల వేటకని ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మీలో ఎవరికీ నేను ఓటరును కాను. మరి మాకెందుకు రాస్తోంది ఈవిడ అనుకుంటారేమో, ఒక లెక్క చెబుతాను వినండి.

మా అండమాన్ నికోబార్ దీవులకు అసెంబ్లీ లేదు. ఎమ్మెల్యే లేడు, మంత్రి లేడు, ముఖ్యమంత్రి లేడు. మాకు చట్టం చేయాలంటే పార్లమెంటు చేయాలి, లేదా రాజ్యాంగం 240వ అధికరణం కింద రాష్ట్రపతి పేరుతో ఒక రెగ్యులేషన్ రావాలి. మా దాకా వచ్చేసరికి ఆ రెగ్యులేషన్ మీరు చేసిన చట్టాన్ని కూడా మార్చగలదు, రద్దు చేయగలదు. అది మీకు గుర్తుందో లేదో. ఏతావాతా తేలేదేమిటంటే, లోక్‌సభలో నలభై రెండు మంది, రాజ్యసభలో పద్దెనిమిది మంది, మీకు తెలియకుండానే మీరు మా ఎమ్మెల్యేలు. మిగతా రాష్ట్రాల సభ్యులూ అంతే అనుకోండి, కానీ వాళ్ళకు నా తెలుగు రాదు కదా.

తెలుగుతో మీకేం పని అంటారా? 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ఉన్నది 3 లక్షల 80 వేల మంది. అందులో యాభై వేల మంది మాతృభాష తెలుగు అని రాయించారు. అంటే నూటికి పదమూడు మంది. జంగ్లీఘాట్ రేవులో పొద్దున్నే చేపల వేలం జరిగేటప్పుడు నిలబడి వినండి, శ్రీకాకుళమో భీమిలో అనిపిస్తుంది. వంజరం ధర దగ్గర పోట్లాట పక్కా మన యాసలోనే నడుస్తుంది. టూరుకొచ్చిన తెలుగువాళ్ళు సెల్యులార్ జైలు చూసి, రాధానగర్ బీచ్‌లో ఫొటోలు దిగి, వెళ్ళే ముందు మా కొట్టులో నీళ్ళ బాటిల్ కొంటూ "అయ్యో, మీరు తెలుగువాళ్ళా!" అని ఆశ్చర్యపోతారు. అరవై ఏళ్ళుగా ఇదే ఆశ్చర్యం.

ముందు మేం ఎక్కడున్నామో చెబుతాను, ఎందుకంటే మా కష్టాల్లో సగం అక్కడే పుడతాయి. విశాఖ నుంచి మాకు 1,200 కిలోమీటర్లు, చెన్నై నుంచీ దాదాపు అంతే, కోల్‌కతా నుంచి ఇంకాస్త ఎక్కువ. దీవులు, దిబ్బలు, రాతి గుట్టలు అన్నీ కలిపి 836 అని ప్రభుత్వ లెక్క. మనుషులు కాపురముండేవి 31. మొత్తం 8,249 చదరపు కిలోమీటర్లే గానీ ఆ చివర నుంచి ఈ చివరకు 700 కిలోమీటర్ల పైనే ఉంటుంది. హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం పోయినంత దూరం, మధ్యలో అంతా సముద్రం. అండమాన్‌కీ నికోబార్‌కీ నడుమ టెన్ డిగ్రీ ఛానెల్ ఉంది. ఆ నీళ్ళు దాటేటప్పుడు కడుపులో తిప్పని మనిషిని నేను చూడలేదు. చిట్టచివర గ్రేట్ నికోబార్ నుంచి చూస్తే చెన్నై కన్నా ఇండోనేషియా సుమత్రా చాలా చాలా దగ్గర.

ఇంత తూర్పున ఉన్నా మా గడియారం మీదే. చలికాలంలో సాయంత్రం ఐదున్నరకల్లా ఇక్కడ చీకటి. మీకు ఢిల్లీలో అది టీ టైము, మాకు దీపం వేళ. ఎండాకాలం తెల్లారకట్ల ఐదింటికే కళ్ళలో సూర్యుడు. మా ఆఫీసులకు ఇది కొత్త కాదు. మెయిన్‌లాండ్ నుంచి కొత్తగా వచ్చిన ఆఫీసరుకు మాత్రం అలవాటు పడటానికి ఆరు నెలలు పడుతుంది. అలవాటయ్యాక రెండు మూడేళ్ళకు బదిలీ.

మా కొట్టుకొచ్చే మనిషి మొదట అడిగేది ధర కాదు. "షిప్ వచ్చిందా?" అని. బియ్యం, పప్పు, నూనె, ఉల్లి, బంగాళాదుంప, సిమెంటు, పిల్లాడి స్కూలు బ్యాగు, అన్నీ ఓడ దిగి రావలసిందే. మా దగ్గర కొబ్బరి ఉంది, వక్క ఉంది, చేప ఉంది, కాసిని కూరలు పండుతాయి. మిగతాదంతా హడ్డో వార్ఫులో దిగుతుంది. కొట్టు ముందు ఒక పలక వేలాడదీసి ఉంచాను, ఉల్లి ధర సుద్దముక్కతో రాస్తాను. రంగుతో రాసే ధైర్యం ఎన్నడూ చేయలేదు. నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే ఓడ కదలదు. అప్పుడు ఆ పలక మీద అంకె పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మూడో రోజుకి తుడిచేసి "లేవు" అని రాస్తాను. మళ్ళీ ఓడ వచ్చినప్పుడు బస్తా విప్పితే పైన రెండు వరసలు బాగుంటాయి, కిందవి మెత్తబడి నీళ్ళు కారుతుంటాయి. ఆ నష్టం ఎవరి ఖాతాలో రాసుకోవాలి? సగం నా ఖాతాలో, సగం కొనేవాళ్ళ ఖాతాలో.

ఇక్కడ ఫ్యాక్టరీలు లేవా అంటే, ఒకప్పుడు ఉండేవి. ఛాతం రంపపు మిల్లు 1883 నాటిది. దాని వెనక ప్లైవుడ్, అగ్గిపుల్లల పరిశ్రమ వచ్చాయి. మా దీవుల్లో నూటికి ఎనభై పాళ్ళకు పైగా అడవే కదా, కలపకు కొదవేముంది అనుకున్నారు. 2002లో సుప్రీంకోర్టు ఆ నరుకుడుకు గట్టిగా కళ్ళెం వేసింది. మా మరిదికి ప్లైవుడ్‌లో పని పోయింది, కొన్నాళ్ళు మా కొట్టులోనే పొట్లాలు కట్టాడు. అయినా ఆ తీర్పు తప్పని నేననను. వాన ఇక్కడ ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లు పడుతుంది, రెండు రుతుపవనాలూ మావే. అడవి లేకపోతే ఆ నీరు ఒక్క పూట ఆగదు, మట్టిని తీసుకుని సముద్రంలోకి పోతుంది. అడవి ఉన్నా ఆగేది తక్కువే. ఇంత వాన పడే ఊళ్ళో ఏప్రిల్ వస్తే కుళాయి నీళ్ళకు రోజులు లెక్కపెట్టుకుంటాం. ధనికారీ డ్యాంలో నీరు ఎంతుందో ఇక్కడ ప్రతి ఇల్లాలికీ తెలుసు. మెయిన్‌లాండ్ చుట్టాలు వస్తే బకెట్ స్నానం మీద లెక్చరిస్తాను, వాళ్ళు నొచ్చుకుంటారు.

కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్ల మీదే. ఆ డీజిలూ ఓడలో రావాల్సిందే. చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేసి 2020 ఆగస్టులో ఇంటర్నెట్ ఇచ్చారు, అది నిజంగా మేలు చేసిన పని, ఒప్పుకుంటాను. అంతకు ముందు మా అమ్మాయి ఒక్క అప్లికేషన్ అప్‌లోడ్ చేయడానికి రాత్రి రెండింటిదాకా మేలుకునేది. ఇక బతుకుతెరువు అంటే రెండే రెండు: ప్రభుత్వోద్యోగం, టూరిజం. వేట మూడోది, కానీ దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

ఓడ అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పుకోవాలి. మా నాన్న ముసలితనంలో సొంతూరు పోతానని పట్టుబట్టి వెళ్ళాడు. అక్కడే పోయాడు. కబురు తెలిసిన పొద్దున విశాఖ ఓడ ఎప్పుడని కనుక్కుంటే పంతొమ్మిది రోజుల తర్వాత అన్నారు. విశాఖకు ఓడ నెలకొకటి వస్తే గొప్ప, అదీ తేదీ మారకుండా వస్తే ఇంకా గొప్ప. ఎక్కాక రెండు రోజుల పైన ప్రయాణం. విమానానికి ఆ వారం చెప్పిన రేటు మా కొట్టు రెండు నెలల సంపాదన. అప్పు చేసి, చెన్నై మీదుగా, రైలెక్కి, పెద్దకర్మ నాటికి చేరాను. ఆఖరి చూపు లేదు. ఎవరి మీదా పగ లేదు, కానీ ఈ ఓడల టైమ్‌టేబుల్ ఎవరు వేస్తారో, ఎవర్ని నిలదీయాలో నాకు ఈ రోజుకీ తెలియదు. ఊళ్ళో మా అన్నయ్య కొడుకు బస్సు రాకపోతే ఎమ్మెల్యే ఇంటి ముందు కూర్చుంటాడు. నేను ఎవరింటి ముందు కూర్చోను?

ఇక్కడ పాలన అంటే అందరి నోటా ఒకటే మాట, "అడ్మినిస్ట్రేషన్". అడ్మినిస్ట్రేషన్ చెప్పింది, అడ్మినిస్ట్రేషన్ ఆపింది, అడ్మినిస్ట్రేషన్‌కు అర్జీ పెట్టాం. 1956 నవంబరు 1న, అంటే మీ ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజునే, మమ్మల్ని కేంద్రపాలిత ప్రాంతం చేశారు. ఆ తర్వాత మీకు ఎన్ని ప్రభుత్వాలు మారాయో, ఎన్ని ఉద్యమాలు జరిగాయో, రాష్ట్రమే రెండయింది కూడా. మాకు చీఫ్ కమిషనర్ ఉండేవాడు, 1982 నుంచి లెఫ్టినెంట్ గవర్నర్. పంచాయతీలు ఉన్నాయి, జిల్లా పరిషత్ ఉంది, పోర్ట్ బ్లెయిర్‌కు మున్సిపల్ కౌన్సిల్ ఉంది, నికోబార్‌లో గిరిజన మండళ్ళు ఉన్నాయి. వీధి దీపం, మురుగు కాలువ వరకు వాళ్ళతో పని జరుగుతుంది. ఓడ, కరెంటు, భూమి, ఉద్యోగం, ఆస్పత్రి అనే మాట వచ్చేసరికి ఫైలు సెక్రటేరియట్‌కు, అక్కడి నుంచి హోం శాఖకు.

మీకు ఇది చెప్పాలి. మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొరను తెల్లవాళ్ళు అండమాన్ జైలుకు పంపారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో విశాఖపట్నం జనం ఆయన్ని ఓట్లేసి లోక్‌సభకు పంపారు. అదే లోక్‌సభలో అండమాన్ తరఫున కూర్చున్న బిషప్ జాన్ రిచర్డ్‌సన్‌ను మాత్రం మేం ఎన్నుకోలేదు, రాష్ట్రపతి నామినేట్ చేశారు. రిచర్డ్‌సన్ మంచివాడే, నికోబారీల్లో ఆయన పేరంటే ఇప్పటికీ గౌరవం. కానీ అండమాన్‌లో ఖైదీగా ఉన్న మనిషికి దక్కిన ఓట్లు, అండమాన్‌లో కాపురమున్న మనుషుల చేతికి రాలేదు. మేం మా ఎంపీకి మొదటిసారి ఓటేసింది 1967లో. ఇప్పటికీ ఆ ఒక్క సీటే. రాజ్యసభలో అదీ లేదు.

"మీరున్నదే పిడికెడు మంది, మీకు అసెంబ్లీ ఎందుకు" అని ఒక పెద్దమనిషి నా కొట్టులోనే అన్నాడు. యానాం సంగతి తీసుకోండి. గోదావరి ఒడ్డున, మీ కాకినాడ పక్కన, చూసే ఉంటారు. 2011లో అక్కడి జనాభా దాదాపు 55 వేలు. వాళ్ళకు పుదుచ్చేరి అసెంబ్లీలో ఒక ఎమ్మెల్యే ఉన్నాడు. యానాంకు ఏడు రెట్లున్న మాకు సున్న. సిక్కింలో ఆరు లక్షల పైచిలుకు జనం, 32 మంది ఎమ్మెల్యేలు. పుదుచ్చేరికి ఆ హక్కు ఎక్కడిదంటే, 1962లో రాజ్యాంగంలో 239ఎ అని ఒక అధికరణం చేర్చారు. అందులో హిమాచల్, మణిపూర్, త్రిపుర, గోవా, పుదుచ్చేరి పేర్లు రాశారు. మొదటి నాలుగూ తర్వాత రాష్ట్రాలైపోయాయి. ఆ రోజు ఆ వరసలో మా పేరు రాయలేదు, అంతే. రాయడం మీ చేతిలో పని.

ఎదురు వాదన నాకు తెలియక కాదు. రక్షణ అంటారు. నిజమే, త్రివిధ దళాలకూ కలిపి దేశంలో మొదటి కమాండ్ 2001లో పెట్టింది ఇక్కడే. నేవీ వాళ్ళు నా ఖాతాదారులే. కానీ కశ్మీరు సరిహద్దు కాదా? అరుణాచల్ సరిహద్దు కాదా? అక్కడ ఎన్నికలు జరగటం లేదా? డబ్బు కేంద్రం ఇస్తోంది కదా అంటారు. ఈశాన్యానికీ ఇస్తోంది.

మూడో వాదన ఒకటి ఉంది, దాని దగ్గర మాత్రం నేను ఆగుతాను. ఇవి మొదట మా దీవులు కావు. జరావాలు, ఓంగేలు, సెంటినలీస్, గ్రేట్ అండమానీలు, నికోబారీలు, షోంపెన్‌లు, వీళ్ళవి. అందర్నీ కలిపినా 2011 లెక్కల్లో 28 వేల చిల్లర. అందులోనూ నికోబారీలే ఎక్కువ, జరావాలు నాలుగు వందలు కూడా లేరు. మిగతా మేమందరం వచ్చినవాళ్ళం, తెచ్చి దింపినవాళ్ళం, జైలు నుంచి వదిలినవాళ్ళ పిల్లలం. రేపు అసెంబ్లీ వస్తే ఓట్లు మావి. అండమాన్ ట్రంక్ రోడ్డు జరావాల అడవి మధ్య నుంచి పోతుంది. ఆ ముక్క మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, ఇప్పటికీ జిర్కాటాంగ్ గేటు దగ్గర బళ్ళు కాన్వాయ్ కట్టి వెళుతూనే ఉన్నాయి. డిగ్లీపూర్‌లో ఉన్న మా ఆడపడుచుకు ఆ రోడ్డే ఆధారం. ఆవిడను అడిగితే వెడల్పు చేయమంటుంది. నన్ను అడిగినా, ఆవిడ కాన్పు రోజున అడిగి ఉంటే, అదే అనేదాన్ని. అందుకని గిరిజన రిజర్వు భూముల మీద మాకు అధికారం ఇవ్వకండి. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్‌ను మా ఓట్లకు అందనంత ఎత్తులో పెట్టండి. నికోబార్ మండళ్ళ మాట మా కన్నా పైన ఉండాలి. మిగతావి, అంటే మా ఓడ, మా నీళ్ళు, మా కరెంటు, మా ఉద్యోగాల నోటిఫికేషన్, వాటిని మేమే ఎన్నుకున్న మనుషుల చేతికివ్వండి. అసెంబ్లీ అనే పేరు పెద్దదనిపిస్తే కౌన్సిల్ అనండి. పేరుతో నాకు పేచీ లేదు.

పేరంటే గుర్తొచ్చింది. 2024 సెప్టెంబరులో మా ఊరి పేరు శ్రీ విజయపురం అయింది. టీవీలో చూసి తెలుసుకున్నాం. బ్లెయిర్ అనే ఇంగ్లీషు దొర మీద నాకేం మమకారం లేదు, శ్రీ విజయపురం వినడానికి బాగానే ఉంది. కాకపోతే కొట్టు బోర్డు, జీఎస్టీ కాగితం, బ్యాంకు పాస్‌బుక్కు మూడూ మూడు రకాలుగా ఉన్నాయి, నోరు ఇంకా బ్లెయిర్ అనే అంటోంది. ఊరి పేరు మార్చేటప్పుడు ఊళ్ళోవాళ్ళను ఒక మాట అడిగే పద్ధతి ఏ ఇంట్లోనైనా ఉంటుంది కదా.

ఊరి పేరు దగ్గర సరిపెట్టుకోవచ్చు. గ్రేట్ నికోబార్ దగ్గర కుదరదు.

ఆ దీవిలో గలాతియా బే దగ్గర పెద్ద రేవు, ఎయిర్‌పోర్టు, పవర్ ప్లాంటు, టౌన్‌షిప్ కడతామంటున్నారు. ప్రాజెక్టు 166 చదరపు కిలోమీటర్లు, అందులో 130 అడవి. పోయే చెట్లు దాదాపు పది లక్షలని ప్రభుత్వమే చెప్పింది. వాటికి బదులు మొక్కలు హర్యానాలో నాటుతారట. ఇది చదివి మా పక్కింటి బెంగాలీ దాదా, అక్కడికి తాబేళ్ళకు ట్రైను టికెట్టు కూడా ఇస్తారా అన్నాడు. నవ్వాం గానీ, ఆ గలాతియా ఇసుకలోనే లెదర్‌బ్యాక్ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. అక్కడి అభయారణ్యం హోదా 2021 జనవరిలో తీసేశారు. దీవిలో ఇప్పుడున్న జనం ఎనిమిది వేల చిల్లర. ముప్పై ఏళ్ళలో మూడున్నర లక్షలు అవుతారని ప్రాజెక్టు కాగితాల్లో ఉంది. అంటే 2011లో మా దీవులన్నిటిలో ఉన్నంత జనం దాదాపుగా, ఒక్క దీవిలో.

నికోబారీల ఊళ్ళు ఆ దీవి పడమటి ఒడ్డున, దక్షిణాన ఉండేవి. సునామీ తర్వాత వాళ్ళను క్యాంప్‌బెల్ బే దగ్గర కాలనీల్లో ఉంచారు. మా పాత ఊళ్ళకు పోతాం అని అడుగుతూనే ఉన్నారు. వాళ్ళ గిరిజన మండలి ప్రాజెక్టుకు అభ్యంతరం లేదని ఇచ్చిన కాగితాన్ని 2022 నవంబరులో వెనక్కి తీసుకుంది. అదే నెలలో ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి వచ్చింది. క్యాంప్‌బెల్ బేలో 1969 నుంచి మాజీ సైనికుల కుటుంబాలను తెచ్చి దింపారు, వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో కొందరికి ఈ ప్రాజెక్టు కావాలి. మంచి ఆస్పత్రి, పిల్లలకు ఉద్యోగం వస్తుందని ఆశ. తప్పు పట్టలేను. కానీ ఒక్కటి అడుగుతాను. 2004 డిసెంబరు 26 ఆదివారం పొద్దున ఆరున్నరకు నేను కొట్టు తలుపు తీస్తున్నాను. షట్టరు నా చేతిలోనే ఊగింది, డబ్బాలన్నీ దొర్లాయి. ఆ తర్వాత సముద్రం లోపలికొచ్చింది. ఆ రోజు ఈ నేల మొత్తం తక్కెడలా కదిలింది. ఉత్తరాన డిగ్లీపూర్ వైపు నేల లేచి పగడపు దిబ్బలు బయటపడ్డాయి. ఇక్కడ దక్షిణాన నేల కుంగి సిప్పీఘాట్ పొలాల్లోకి ఉప్పునీరు వచ్చింది, ఇప్పుడు అక్కడ వరి లేదు, కొంగలు ఉన్నాయి. చిట్టచివర ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. లైట్‌హౌసు మొదలు నీళ్ళలో మునిగింది. గలాతియా బే దానికి పక్కనే. అక్కడ లక్షల మందిని ఉంచాలనుకునేవాళ్ళు, ఆ నేల మళ్ళీ కదలదని ఎవరిచేత రాయించుకున్నారు?

లోక్‌సభలో ప్రశ్న అడగాలంటే పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలని మా అమ్మాయి చెప్పింది. అందుకని మూడు ప్రశ్నలు నేనే రాసి పెట్టాను. భాష సరిగా లేకపోతే మీ పీఏ గారు దిద్దుకోవచ్చు.

విశాఖపట్నం, పోర్ట్ బ్లెయిర్ మధ్య నెలకు కనీసం రెండు ఓడలు, ఏడాది టైమ్‌టేబుల్ ముందే ప్రకటించి నడుపుతారా, నడపకపోతే కారణం ఏమిటి?

గ్రేట్ నికోబార్ గిరిజన మండలి వెనక్కి తీసుకున్న కాగితానికి ప్రభుత్వం ఏమని జవాబు రాసింది, ఆ జవాబును సభ ముందు పెడతారా?

239ఎ అధికరణంలో అండమాన్ నికోబార్ పేరు చేర్చే ఆలోచన ఉందా, లేకపోతే ఎందుకు లేదు?

మూడోదానికి "లేదు" అని ఒక్క ముక్క జవాబు వస్తుందని నాకు తెలుసు. అయినా అడగండి. ఆ "లేదు" ఎవరు సంతకం పెట్టి చెప్పారో చూడాలని ఉంది.

ఇట్లు,
జంగ్లీఘాట్ కిరాణా కొట్టు నుంచి
మీ ఓటరు కాని మనిషి